అదే పేరని రాశాను

ఆ ఏడు బడి తెరిచిన మూడో రోజో నాలుగో రోజో, ఒక తల్లి కూతురిని వెంటబెట్టుకుని వచ్చి ఒకటో తరగతి గది గుమ్మం దగ్గర నిలబడింది. రెండుసార్లు పిలిస్తే గానీ లోపలికి రాలేదు. చెప్పులు బయటే విడిచి, తడిసిన చీర కుచ్చెళ్ళు పిండుకుని, పిల్లను ముందుకు నెట్టి తను వెనక నిలబడింది. నారుమడి దగ్గర మిగతా ఆడవాళ్ళు ఎదురుచూస్తున్నారని, తొందరగా రాసుకోమని బతిమాలింది.

హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగి గుడివాడ రోడ్డులో ఆటో ఎక్కితే ఆ ఊరు. ఇద్దరు టీచర్ల బడి. రెండో టీచరు ప్రసవం సెలవులో ఉండటంతో హెడ్‌మాస్టరు పని కూడా నాదే. నాకప్పుడు ముప్ఫై నిండి రెండేళ్ళు. చేతిరాత బాగుంటుందని పేరున్నదాన్ని. అడ్మిషన్ రిజిస్టరులో ఒక్క కొట్టివేత కూడా ఉండకూడదని పట్టుదల. పెన్ను తీసి, పాప పేరేమిటని అడిగాను.

"అన్నమ్మండి" అంది తల్లి.

అన్నపూర్ణమ్మ అని వినబడిందేమోనని మళ్ళీ అడిగాను.

"కాదండి, అన్నమ్మే. అయ్యగారు ప్రార్థన చేసి పెట్టారండి."

అయ్యగారంటే వాళ్ళ పేటలో చర్చి పాస్టరుగారు. నేను పెన్ను పట్టుకుని ఒక నిమిషం ఆలోచించాను. అంతకుముందు ఏడు అదే బడిలో ఇంకొక అన్నమ్మ ఉండేది. మధ్యాహ్నం భోజనాల వేళ పిల్లలంతా "అన్నమ్మా, అన్నం పెట్టమ్మా" అని వెంటపడి ఏడిపించేవారు. ఆ పిల్ల నాలుగు నెలలకే బడి మానేసింది. ఈ పిల్లకు ఆ బాధ రాకూడదనుకున్నాను.

"అన్నపూర్ణ అని రాస్తాను. అదే పేరు. పిలవడానికి కూడా బాగుంటుంది" అన్నాను.

తల్లి పిల్ల వైపు చూసింది, నా వైపు చూసింది. "అదే పేరైతే రాయండి టీచరుగారు. మీకు తెలీందేముంది" అంది. నేను రాసిన గడి పక్కన వేలిముద్ర వేసి, బొటనవేలి సిరా చీర కొంగుకు తుడుచుకుంటూ పొలానికి వెళ్ళిపోయింది.

నేను తప్పు చేశానని ఆ రోజు నాకు అనిపించలేదు. మంచి పని చేశాననే సంతోషంతో ఇంటికి వెళ్ళాను. దానికి కారణం మా ఇంట్లోనే ఉంది. మాది మంగళగిరి. మా నాన్న మగ్గం నేసేవాడు. నాకు వాళ్ళమ్మ పేరు పెట్టాడు. పాతకాలపు పేరు, పలకాలంటే నోరంతా తిరగాలి. నన్ను బడిలో చేర్చిన రోజున అక్కడి టీచరమ్మ ఆ పేరు సగానికి కత్తిరించి, అప్పటికి కొత్తగా ఉన్న పేరొకటి రాసింది. మా నాన్న కోపం తెచ్చుకోలేదు సరికదా, టీచరమ్మ మా అమ్మాయికి సినిమా తార పేరు పెట్టిందని మగ్గాల వీధి అంతా చెప్పుకొచ్చాడు. పేరు సరిదిద్దడం టీచరు చేసే మేలుల్లో ఒకటని నేను అప్పుడే నేర్చుకున్నాను.

అయితే అది సగం నిజమే. మిగతా సగం ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అన్నమ్మ అనగానే ఆ పిల్ల ఏ పేట నుంచి వచ్చిందో అందరికీ తెలిసిపోతుంది. అన్నపూర్ణ అంటే తెలియదు. తెలియకపోవడమే ఆ పిల్లకు మంచిదని నేను అనుకున్నాను. ఆ తల్లి అలా అనుకోలేదు, అలా చేయమని నన్ను అడగనూ లేదు. దాచాల్సినది ఏదో ఉందని నిర్ణయించింది నేను.

ఆ పిల్ల నెలరోజులు హాజరు పలకలేదు. అన్నపూర్ణ అని పిలిస్తే, అన్నపూర్ణ ఎవరా అని తనే వెనక్కి తిరిగి చూసేది. ఒకరోజు ఎదురుగా కూర్చుని ఉండగానే రాలేదని గుర్తు పెట్టేశాను. తర్వాత్తర్వాత అలవాటు పడింది. చదువు బాగా వచ్చేది. ఎక్కాలు మిగతా పిల్లల కంటే ముందు అప్పజెప్పేది. ఎవరికైనా దెబ్బ తగిలితే నా కంటే ముందు తను పరుగెత్తేది.

ఒక మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చి, "అన్నపూర్ణ ఎవరండి?" అని అడిగింది. అందరికీ అన్నం పెట్టే అమ్మవారని చెప్పాను. కాసేపు ఆలోచించి, తన పేరుగల ఆవిడ అన్నం పెట్టలేదని, గుడిలో కూర్చుని ఏడ్చిందని అమ్మ చెప్పిందంది. నేను నవ్వి, వెళ్ళి కూర్చోమన్నాను. ఎవరు ఏడ్చారు, ఎందుకు ఏడ్చారు అని అడగలేదు.

మరో రెండేళ్ళకు నాకు మైలవరం వైపు బదిలీ అయింది. అక్కడి నుంచి ఇంకో ఊరు, ఆ తర్వాత విజయవాడ పక్కనే ఒక బడి. వందల మంది పిల్లలు నా చేతుల మీదుగా వెళ్ళారు. ఆ పిల్లను మరిచిపోయాను.

నాకు రిటైర్‌మెంట్ ఇంకా ఏడాదిన్నర ఉందనగా, ఒక ఆదివారం ఉదయం మొగల్రాజపురంలోని మా ఇంటి తలుపు ఎవరో తట్టారు. మా ఆయన పోయినప్పటి నుంచి మా చెల్లెలు నాతోనే ఉంటోంది. తనే తలుపు తీసింది. ముప్ఫై దాటిన ఒకామె, భుజాన బ్యాగు, చేతిలో ప్లాస్టిక్ ఫైలు పట్టుకుని నిలబడి ఉంది. "నేనండి టీచరుగారు, అన్నపూర్ణని" అంది. నాకు గుర్తు రాలేదు. అది గమనించి, "అన్నమ్మనండి" అంది. అప్పుడు గుర్తొచ్చింది.

ఆమె నర్సయింది. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పదేళ్ళుగా పనిచేస్తోంది. పెళ్ళయింది, ఒక పాప. ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు పోస్టులు పడితే దరఖాస్తు చేసింది. మెరిట్ జాబితాలో పేరు కూడా వచ్చింది. సర్టిఫికెట్ల పరిశీలన దగ్గర ఆగిపోయింది. ఫైలు తెరిచి నాకు ఒక్కో కాగితం చూపించింది. పదో తరగతి సర్టిఫికెట్టు, నర్సింగ్ సర్టిఫికెట్టు, రిజిస్ట్రేషన్ అన్నీ అన్నపూర్ణ పేరు మీద ఉన్నాయి. ఆధార్ కార్డు రేషన్ కార్డును బట్టి ఇచ్చింది కనుక అందులో అన్నమ్మ. మతం మారిన కుటుంబాలకు ఇచ్చే కులం సర్టిఫికెట్టు చర్చి పుస్తకాన్ని బట్టి ఇచ్చారు, అందులో హన్నా. జాబితాలో తన వెనక ఉన్నవాళ్ళెవరో ఫిర్యాదు పెట్టారు. అన్నపూర్ణ అనే హిందువుల అమ్మాయి, హన్నా అనే వేరొక మనిషి సర్టిఫికెట్టు తెచ్చుకుని ఉద్యోగం కాజేస్తోందని ఆ ఫిర్యాదు సారాంశం.

"మేమేమీ దాచలేదండి. మూడూ నేనే. మూడూ నేనేనని నేను చెప్తే చాలదంట" అంది.

అధికారులు పదిహేను రోజుల గడువు ఇచ్చారు. బడిలో చేరేటప్పుడు పేరు ఎలా మారిందో రుజువు తెమ్మన్నారు. ఆ ఊరి బడికి వెళ్తే ఇప్పటి హెడ్‌మాస్టరు రిజిస్టరు చూపించి, ఇందులో ఉన్నదే తను చెప్పగలనని, ఎందుకలా రాశారో రాసినవాళ్ళే చెప్పాలని అన్నాడట. నా పేరు అతనే చెప్పాడు. నా ఇల్లు కనుక్కోవడానికి ఆమెకు నాలుగు రోజులు పట్టింది. తల్లి చెప్పిన పేరు అన్నమ్మ అని, అన్నపూర్ణ అని తనంతట తాను టీచరే రాసిందని నేను ఒక కాగితం మీద రాసి సంతకం పెడితే చాలు. ఆమె అడిగింది అంతే.

నేను వెంటనే రాసి ఇవ్వాల్సింది. "రిజిస్టరు ఒకసారి చూడాలమ్మా. అన్నేళ్ళ నాటి సంగతి, ఉన్నదున్నట్టు గుర్తుండాలి గదా. రెండు రోజులాగి రా" అన్నాను. అబద్ధం. ఆ గుమ్మం, తడిచీర, వేలిముద్ర అన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి. ఆమె సరేనండి అని, ఫైలు సర్దుకుని, కాఫీ సగం తాగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మా చెల్లెలు నాకు హితబోధ చేసింది. తనది చెడ్డ మనసు కాదు. నా గురించే దాని భయం. తల్లిదండ్రులు చెప్పని పేరు రిజిస్టరులో రాశానని నేనే ఒప్పుకుంటే డిపార్ట్‌మెంటు ఊరుకుంటుందా, ఎంక్వైరీ పడితే రిటైర్‌మెంటు సంగతేంటి అని అడిగింది. "రాతలో మాత్రం ఏదీ పెట్టకక్కా" అంది. నాకు కావలసింది ఎవరో ఒకరు ఆ మాట అనడమే. ఆ మాట పట్టుకుని నేను రెండు రోజులు నిశ్చింతగా ఉన్నట్టు నటించాను.

చెప్పిన రోజుకే ఆమె మళ్ళీ వచ్చింది. బాల్కనీలోంచి ఆమె ఆటో దిగడం చూశాను. వంటింట్లోకి వెళ్ళిపోయి, మంగళగిరి వెళ్ళానని చెప్పమన్నాను. చెల్లెలు చెప్పింది. నేను పొయ్యి పక్కన నిలబడి విన్నాను. ఎప్పుడొస్తారని ఆమె అడగడం, తెలియదని చెల్లెలు అనడం, గడువు శుక్రవారంతో అయిపోతుందని ఆమె చెప్పడం. ఫోన్ నంబరు రాసి ఇచ్చింది. మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది. పొయ్యి మీద పప్పు అడుగంటింది. ఆ మాడు వాసన రాత్రి భోజనం దాకా పోలేదు.

తర్వాత ఆమె నాలుగైదుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. శుక్రవారం వెళ్ళిపోయింది. ఆ తర్వాత వారం నా ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. "పోస్టు నెక్స్ట్ క్యాండిడేట్‌కి ఇచ్చారు టీచరుగారు. మీరు ఇక శ్రమ పడొద్దు. అమ్మ మిమ్మల్ని అడిగానని చెప్పమంది." ఇంతే ఉంది అందులో. ఒక నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో. అప్పుడు నేనూ నాలుగు మాటలు అనుకుని బయటపడేదాన్ని.

ఆ తర్వాత నా మనసు ఒకచోట నిలవలేదు. క్లాసులో పిల్లల పేర్లు పిలుస్తుంటే నోరు తడబడేది. ఒక శనివారం బడి అయ్యాక బందరు రోడ్డు పక్కనున్న లైబ్రరీకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో కూడా సరిగా చెప్పలేను. ఏ పేరుని చెరిపేశానో తెలుసుకోవాలనిపించింది. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట అడగాల్సిన ప్రశ్న అది.

అక్కడ పేర్ల పుట్టుపూర్వోత్తరాలు చెప్పే లావాటి ఇంగ్లీషు నిఘంటువు ఒకటి ఉంది. అందులో ఆ పేరుకే రెండు పేజీలు. హీబ్రూలో దాన్ని గొంతు లోపలి నుంచి పలుకుతారట, మన హ కంటే గరుకుగా, హన్నా అని. దయ, అనుగ్రహం అని అర్థం. పిల్లలు లేని ఒక ఇల్లాలు గుడిలో కూర్చుని, గొంతు బయటికి రాకుండా పెదవులు మాత్రం కదుపుతూ ఏడ్చిందనీ, చూసినవాళ్ళు తాగి ఉందనుకున్నారనీ, చివరికి ఆమెకు బిడ్డ పుట్టాడనీ పాత కథ. ఒకటో తరగతి పిల్ల నా బల్ల దగ్గర నిలబడి చెప్పబోయింది ఆవిడ గురించే.

ఆ పేరు గ్రీకుల దగ్గరికి వెళ్ళేసరికి గొంతులోని హ పోయింది. వాళ్ళ నోటికి అది పలకదు. అన్నా అయింది. లాటిన్‌లోనూ అన్నాయే. ఫ్రెంచివాళ్ళకు ఆన్. రష్యాలో ముద్దుగా ఆన్యా, ఆన్నుష్కా. హంగరీలో అనికో. పోలండులో హ ఉన్నదీ లేనిదీ రెండూ పేర్లే. ఇంగ్లీషువాళ్ళు చాలాకాలం ఆన్ అని పిలుచుకుని, తర్వాత మూలగ్రంథాలు చదవడం మొదలుపెట్టాక హన్నాను మళ్ళీ తెచ్చుకున్నారు. యోహాను అనే పేరులోని హాను కూడా అదే ధాతువు. జాన్, ఇవాన్ అని లోకమంతా తిరిగే మగవాళ్ళందరూ ఆ పేరుకు దాయాదులే. స్పెయిన్‌లో ఆనా అనే పిల్లను ముద్దు చేస్తే అనిత అంటారట.

అనిత దగ్గర నా వేలు ఆగిపోయింది. అది మా చెల్లెలి పేరు. మనవాళ్ళు దానికి సంస్కృతంలో ఏదో అర్థం చెప్తారు. మా నాన్న మాత్రం రేడియోలో విని బాగుందని పెట్టాడు. అది ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ మా నాన్నను అడగలేదు. ఏ కాగితమూ ఎవరూ చూపించమనలేదు. ఇంటికి వెళ్ళి చెల్లెలికి ఈ సంగతి చెప్పాను. అది పళ్ళెం ముందు కూర్చుని కాసేపు కలుపుకున్న అన్నం అలాగే ఉంచుకుంది. "ఆ అమ్మాయికి నేను అబద్ధం చెప్పకుండా ఉండాల్సిందక్కా" అంది. చెప్పించింది నేను కదా అన్నాను.

అంతమంది నోళ్ళలో పడి, హ పోయి, తోక తెగి, ముద్దుపేరై, ఎక్కడెక్కడో తిరిగినా ఆ పేరు దయ అన్న అర్థాన్ని వదులుకోలేదు. వాటిలో అన్నపూర్ణ లేదు. అన్నపూర్ణది వేరే వంశం, వేరే గొప్పతనం. రెండూ ఒకటేనని ఆ తల్లితో అంత ధీమాగా చెప్పిన నాకు రెండింటిలో ఒకటి తెలియనే తెలియదు.

ఆ సోమవారం సెలవు పెట్టి బస్సెక్కాను. కండక్టరు గన్నవరం దాటగానే "అనుమాన్ జంక్షన్, అనుమాన్ జంక్షన్" అని అరుస్తున్నాడు. గ్రీకులు చేసిన పనే మా కృష్ణాజిల్లా కండక్టరూ చేస్తున్నాడు. హోటలును ఓటలు చేసుకున్నవాళ్ళం, హాస్పిటలును ఆసుపత్రి చేసుకున్నవాళ్ళం. ఆ పాస్టరుగారు హన్నా అనే పెట్టి ఉంటాడు, పేట నోటికి అది అన్నమ్మ అయి ఉంటుంది. పేరు అరిగిందే గానీ మారలేదు. మార్చింది నేనొక్కదాన్నే.

బడికి కొత్త భవనం కట్టారు. హెడ్‌మాస్టరు మర్యాదగా కూర్చోబెట్టి, అట్టలు ఊడిన రిజిస్టరు బీరువాలోంచి తీసి ఇచ్చాడు. నా గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేకుండా. అన్నపూర్ణ. పక్కన వెలిసిపోయిన వేలిముద్ర. అక్కడే కూర్చుని, తెల్లకాగితం తీసుకుని, జరిగింది జరిగినట్టు రాశాను. తల్లి చెప్పింది ఇది, నేను రాసింది ఇది, తల్లిదండ్రులు మార్చమని కోరలేదు, తప్పు పూర్తిగా నాది. సంతకం పెట్టి, హెడ్‌మాస్టరును ధ్రువీకరించమన్నాను. అతను చదివి నా మొహంలోకి చూసి, "ఇప్పుడివన్నీ ఎందుకు మేడమ్" అన్నాడు. ముద్ర మాత్రం వేశాడు.

అక్కడిదాకా వెళ్ళి తల్లిని చూడకుండా రావడం బాగుండదనిపించింది. చూడాలంటే భయంగానూ ఉంది. చర్చి పక్క సందులో ఇల్లు. ఆమె ఇప్పుడు పనికి వెళ్ళడం లేదు, మోకాళ్ళు పట్టేశాయి. నన్ను చూసి లేవలేక లేచి, కుర్చీ కొంగుతో తుడిచి వేసింది. కూతురు నర్సు కావడం నా చలవేనని పక్కింటావిడను పిలిచి మరీ చెప్పింది. నేను తలెత్తలేకపోయాను. ఏదో ఒకటి మాట్లాడాలని, ఆ పేరు ఎందుకు పెట్టారని అడిగాను.

తనకు ముందు ఇద్దరు పుట్టి పోయారని చెప్పింది. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు చర్చిలో వెనకాల కూర్చుని ఏడుస్తుంటే, బయటికి ఏడిస్తే జనం ఏమనుకుంటారోనని కొంగు నోట్లో కుక్కుకుందట. పాస్టరుగారు అది చూశాడు. ఆయనిప్పుడు లేడు. బిడ్డ పుట్టి బతికాక ఆయనే వచ్చి ఆ పేరు పెట్టాడు.

"వెనకటికి ఒకావిడ ఇట్టాగే ఏడ్చిందంటండి. ఆవిడ పేరే ఇదని చెప్పారు. దయ అని అర్థమంట. నాకు దయ పుట్టింది గదా అని నేను మురిసిపోయానండి" అంది.

నేను లైబ్రరీలో రెండు పేజీలు చదివి తెలుసుకున్నది ఆమెకు మొదటి నుంచీ తెలుసు. ఆ రోజు పెన్ను పట్టుకుని ఒక నిమిషం ఆలోచించే బదులు ఎందుకమ్మా ఆ పేరు అని అడిగి ఉంటే, నారుమడికి ఆలస్యమైనా ఇదంతా చెప్పేది.

ప్రభుత్వ ఉద్యోగం ఇవాళో రేపో వస్తుందని కూతురు చెప్పిందని, వస్తే తనను విజయవాడ తీసుకెళ్ళి మోకాళ్ళు చూపిస్తానందని ఆమె అంది. పోస్టు వేరేవాళ్ళకు వెళ్ళిపోయిన సంగతి ఆమెకు కూతురు చెప్పలేదని నాకు అప్పుడు అర్థమైంది. జామకాయలు నాలుగు మూట కట్టి ఇస్తే తీసుకుని వచ్చేశాను.

ఆ కాగితం ఇవ్వడానికి ఆమె పనిచేసే ఆసుపత్రి క్యాంటీనుకు వెళ్ళాను. ఉదయం డ్యూటీ దిగి, యూనిఫాం మీదే వచ్చి నా ఎదురుగా కూర్చుంది. కాగితం రెండుసార్లు చదివింది. మడిచి ఫైలులో పెట్టుకుంది. నేను క్షమించమని అడిగాను. ఆ మధ్య మంగళగిరి వెళ్ళలేదని, వంటింట్లోనే ఉన్నానని కూడా చెప్పాను.

"తెలుసండి. మీ చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి" అంది.

తర్వాత నేను చదివినదంతా చెప్పుకుంటూ పోయాను. గ్రీకులు, రష్యా, స్పెయిన్, అనిత. ఆమె ఓపిగ్గా వింది. రోగి చెప్పేది నర్సు వినే పద్ధతిలో వింది. చివరికి, తమ వార్డులో కేరళ నుంచి వచ్చిన సిస్టరు ఒకామె ఉందని, ఆమె పేరు ఆన్ అని, వాళ్ళమ్మమ్మ పేరు అన్నమ్మేనని చెప్పింది. ఇద్దరి పేరూ ఒకటేనని వాళ్ళు పదేళ్ళ కిందట మొదటి రోజే మాట్లాడుకున్నారట. ఆసుపత్రి అంతా అన్నపూర్ణా అని పిలిస్తే, ఆ సిస్టరు ఒక్కతే హన్నా అంటుందట.

ఇక ఏం చేస్తావని అడిగాను. నా కాగితం తీసుకెళ్ళి ఆఫీసులో ఇస్తానంది. ఉద్యోగం తిరిగి రాదు గానీ, మోసం చేసిందన్న మాట ఫైలులోంచి పోవాలి గదా అంది. ఆ తర్వాత ఆధార్‌లోనూ కులం సర్టిఫికెట్టులోనూ పేరు అన్నపూర్ణ అని మార్పించుకుంటానంది.

నేను ఆశ్చర్యపోయాను. పదో తరగతి సర్టిఫికెట్టులోనే హన్నా అని మార్పించుకోవచ్చు కదా, ఆ ఖర్చూ తిరుగుడూ నేను చూసుకుంటానన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"పదో తరగతి మారిస్తే ఇంటర్ మార్చాలి, నర్సింగ్ మార్చాలి, కౌన్సిల్లో మార్చాలండి. ఒక్కోటీ ఏడాది. ఈలోగా నోటిఫికేషన్ వస్తే మళ్ళీ మూడు పేర్లు. ఆధార్ అయితే పది రోజుల్లో అయిపోద్ది." ఫైలు దగ్గరికి లాక్కుని, "ఇన్నేళ్ళు ఆ పేరుతోనే చదివానండి, ఆ పేరుతోనే ఇంజెక్షన్లు చేశాను. అది నాది కాదని ఎట్టా అంటాను?" అంది.

నేను చేసిన తప్పు ఇక కాగితాలన్నింటిలోకీ పాకి, నిజమై కూర్చోబోతోంది. తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చి తెచ్చుకున్న పేరు చర్చి పుస్తకంలో ఒక్కచోట మిగులుతుంది. దాన్ని ఆపే హక్కు నాకు లేదు. ఆమె చెప్పిన దాంట్లో తప్పూ లేదు.

పేరు మార్పు రోజున తోడు రానా అని అడిగితే, వద్దని అనలేదు. బెంజి సర్కిల్ దగ్గరి ఆధార్ సెంటరులో టోకెన్ తీసుకుని రెండు గంటలు కూర్చున్నాం. మా వంతు వచ్చాక ఆపరేటరు వేళ్ళు మిషను మీద పెట్టమన్నాడు. స్పిరిట్టుతో, సబ్బుతో అరిగిపోయిన వేళ్ళు, మిషను పట్టలేదు. తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టించి, నాలుగోసారికి తీసుకుంది. కొత్త పేరు తెర మీద కొట్టి, సరిచూసుకోమని ఆపరేటరు తెర ఆమె వైపు తిప్పాడు. ఆమె ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివింది. ఇంగ్లీషులో చివర ఒక అక్షరం ఎక్కువ పడితే తీయించింది.

బయటికి వచ్చాక, మధ్యాహ్నం డ్యూటీకి వేళవుతోందని ఆటో ఆపింది. ఎక్కబోతూ వెనక్కి తిరిగి, "అమ్మకు మాత్రం చెప్పొద్దండి. ఉద్యోగం సంగతి నేనే నిదానంగా చెప్తాను. ఇది మాత్రం వద్దు" అంది. చెప్పనన్నాను.

నా కాగితం ఆఫీసులో తీసుకున్నారు. ఫిర్యాదు మూసేశామని ఆమెకు ఉత్తరం వచ్చింది. నాకు మండల ఆఫీసు నుంచి సంజాయిషీ అడుగుతూ ఒక మెమో వచ్చింది. పేజీ జవాబు రాసి పంపాను. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. నేను వంటింట్లో దాక్కున్నది ఆ ఒక్క మెమోకు భయపడి.

కిందటేడు రిటైరయ్యాను. స్టాఫ్ నర్సు పోస్టులకు కొత్త నోటిఫికేషన్ ఇంకా పడలేదు. వయసు పరిమితి దాటేలోగా పడుతుందో లేదోనని ఆమె దిగులు. పొద్దున్నే పేపరు రాగానే ఉద్యోగ ప్రకటనల పేజీ మా చెల్లెలు చూస్తుంది, తర్వాత నేను చూస్తాను.